నాగులవంచ మీదుగా ఆమ్‌స్టర్‌డామ్

బోనకల్లులో ఖమ్మం వైపు పోయే ప్యాసింజరు బండి ఎక్కితే మొదట వచ్చే చిన్న స్టేషను నాగులవంచ. ఆ పేరు వినగానే ఎవరికీ యూరపు ఖండం గుర్తుకు రాదు. మొన్న మొన్నటివరకు నాకూ రాలేదు. నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ‘అబ్బా, ఈ దసరా సెలవులకు అమ్మీని తీసుకొని రండి, ఆమ్‌స్టర్‌డామ్ చూపిస్తాను’ అని కబురు చేశాడు. వెళ్ళబోయే ఊరి గురించి నాలుగు ముక్కలు తెలుసుకొందామని చదవడం మొదలుపెట్టాను. ఆ చరిత్రలో మా పక్క ఊరి పేరు కనిపించి ఉలిక్కిపడ్డాను.

డచ్చివారి ఈస్టిండియా కంపెనీ 1602లో ఏర్పడింది. మన పెద్దలు వారిని వలందావారు అనేవారు. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేట ఈనాటికీ ఉంది. కంపెనీ పుట్టిన మూడేళ్ళకే వారి ఓడలు బందరు రేవుకు చేరాయి. గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్‌షాహ్ వారికి వర్తకం చేసుకోవడానికి ఫర్మానా ఇచ్చాడు. ఆ తరువాత తీరం వెంబడి నిజాంపట్నంలో, పాలకొల్లులో వారి కోఠీలు వెలిశాయి. 1669లో, అబ్దుల్లా కుతుబ్‌షాహ్ పాలన చివరి రోజుల్లో, సముద్రానికి ఇంత దూరాన ఉన్న నాగులవంచలో కూడా ఒక కోఠీ తెరిచారు. దానిని వారు ఫ్యాక్టరీ అన్నారు. ఫ్యాక్టరీ అంటే యంత్రాలు తిరిగే కర్మాగారం కాదు. కంపెనీ గుమాస్తాలు కాపురముండి, సరుకు బేరమాడి కొని, గిడ్డంగిలో నిల్వచేసి, బండ్లమీద రేవుకు పంపే ఇల్లు అది.

నేలకొండపల్లి కంచర్ల గోపన్న భద్రాచలం తహసీల్దారుగా ఉన్న కాలం కూడా దాదాపు అదే. ఒకవైపు ఆయన కథ మనకు కంఠస్థం. మరోవైపు అదే సీమలో, అదే సుల్తానుల ఏలుబడిలో, డచ్చి గుమాస్తాలు లెక్కల పుస్తకాలు రాసుకొంటూ కూర్చున్న సంగతి మన బడులలో ఎవరూ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పిన నేనూ చెప్పలేదు.

1687 సెప్టెంబరులో గోల్కొండ ఔరంగజేబు సేనల చేతికి చిక్కింది. ఆ అల్లకల్లోలపు సంవత్సరంలోనే నాగులవంచ కోఠీ కథ కూడా ముగిసింది. మొత్తం మీద పద్దెనిమిదేళ్ళు.

ఇదంతా భోజనాల దగ్గర ఉత్సాహంగా చెబుతుంటే మా ఇంటావిడ అంతా విని ఒకే మాట అడిగింది: “అల్లాహ్ ఇల్లు చూడకుండా వలందావారి ఇళ్ళు చూడడానికి పోదామంటారా?”

నిజమైన ప్రశ్న అది. మేమిద్దరం హజ్ కమిటీకి దరఖాస్తు పెట్టాం. ఖుర్రాలో మా పేర్లు ఇంకా రాలేదు. హజ్ కోసం కూడబెట్టిన పైకం బ్యాంకులో విడిగా ఉంది. స్తోమత ఉన్నవాడికి హజ్ ఫర్జ్; విహారయాత్ర ఫర్జ్ కాదు, సున్నత్ కూడా కాదు. ఖుర్ఆన్‌లో భూమిపై సంచరించి గతించిన జాతుల పర్యవసానాన్ని పరికించమన్న ఆదేశం పలుమార్లు వస్తుందని నేను వాదించబోయాను. ఆవిడ నవ్వి, ఆ ఆదేశం ఉంది కదా అని అప్పులు చేసి విమానమెక్కమని ఎక్కడా లేదంది. చివరకు షరతులు కుదిరాయి. హజ్ పైకంలో ఒక్క రూపాయి కదిలించరాదు. టిక్కెట్లు అబ్బాయే కొనాలి. ఖుర్రాలో పేరు వస్తే ఈ ప్రయాణం ఆ క్షణమే రద్దు. మా కుమార్తె కూతురు, ఏడో తరగతి పిల్ల, మాతో వస్తుంది. ఈ చివరి షరతు ఆ పిల్లే పెట్టింది.

ఇక ఏర్పాట్ల సంగతి. ఈ పత్రిక చదివే కుటుంబాలలో గల్ఫు దారి తెలిసినవారు చాలామంది ఉంటారు; యూరపు దారి వేరు. నెదర్లాండ్స్‌కు కావలసింది షెంగెన్ వీసా. దానితో ఏ 180 రోజులలోనైనా గరిష్ఠంగా 90 రోజులు ఉండవచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు తీసుకొంటారు. పదిహేను రోజులకన్నా తక్కువ వ్యవధి ఉంటే కష్టం. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు 45. మా మనవరాలికి పన్నెండు నిండాయి కనుక ఆమెకూ పూర్తి రుసుమే. కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులు భరించే ప్రయాణ బీమా ఉండాలి. పాస్‌పోర్టు గడువు తిరుగు ప్రయాణం తరువాత కనీసం మూడు నెలలు మిగిలి ఉండాలి. బంధువుల ఇంట బస చేసేవారికి ఆ బంధువు ఆతిథ్య పత్రం నింపి, అక్కడి మునిసిపాలిటీలో సంతకాన్ని ధ్రువీకరింపజేసి పంపాలి. తల్లిదండ్రులు లేకుండా పిల్లలను తీసుకొని పోయేవారు ఆ తల్లిదండ్రుల సమ్మతిపత్రం నోటరీ చేయించుకొని ఉంచుకోవాలి. హైదరాబాదు నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు 2025 సెప్టెంబరులో నేరుగా విమానం మొదలైంది కాబట్టి దుబాయిలోనో దోహాలోనో విమానం మారే శ్రమ మాలాంటి వయసువారికి తప్పింది.

అందరూ వసంతంలో రమ్మంటారు, తులిప్ పూలు చూడవచ్చని. నేను నమాజు వేళలు చూసి శరదృతువును ఎంచుకొన్నాను. ఆమ్‌స్టర్‌డామ్ 52 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ నెలలో అక్కడ సూర్యుడు రాత్రి పది దాటాక అస్తమిస్తాడు. ఉదయం అయిదుంబావుకే మళ్ళీ కనిపిస్తాడు. నడిరేయి కూడా ఆకాశంలో సంజ వెలుగు పూర్తిగా ఆరదు. అంటే ఇషా వేళ ఎప్పుడు వస్తుంది, ఫజ్ర్ వేళ ఎప్పుడు మొదలవుతుంది అన్నదే ధర్మశాస్త్ర చర్చనీయాంశం అవుతుంది. అక్కడి మసీదులు పండితుల నిర్ణయాన్ని బట్టి పట్టికలు వేసుకొంటాయి. డిసెంబరులో దీనికి విరుద్ధం. దాదాపు తొమ్మిదింటికి పొద్దుపొడుపు, సాయంత్రం నాలుగున్నరకే మగ్రిబ్. జుహ్ర్ నుంచి అస్ర్‌కు, అస్ర్ నుంచి మగ్రిబ్‌కు పరుగు తీయాలి. అక్టోబరు మొదటివారంలో ఏడుమ్ముప్పావుకు సూర్యోదయం, ఏడుంబావుకు సూర్యాస్తమయం. మన ఊరి లెక్కకు దగ్గరగా ఉంటుంది. పిల్లకు దసరా సెలవులు కూడా అప్పుడే.

ఎనిమిది రోజుల బస కనుక హనఫీ ఫిఖహ్ ప్రకారం మాకు ఖసర్ వర్తిస్తుంది. పదిహేను రోజులు, అంతకుమించి ఉండాలని సంకల్పించినవారే పూర్తి నమాజు చేయాలి. స్థానిక ఇమాము వెనుక నిలబడితే మాత్రం ఆయనతోపాటు పూర్తిగా చేయాల్సిందే. చలిలో మాటిమాటికీ కాళ్ళు కడగడం పెద్దలకు ఇబ్బంది. వుజూతో తొడిగిన తోలు మేజోళ్ళపై మసహ్ చేయడానికి బాటసారికి మూడు పగళ్ళు, మూడు రాత్రుల వెసులుబాటు ఉంది. నేను ఒక జత కొని ఉంచాను. ఇంకో చిన్న మాట, పెద్దవారు చెప్పడానికి మొహమాటపడేది: అక్కడి మరుగుదొడ్లలో కాగితమే తప్ప నీళ్ళుండవు. ఖాళీ సీసా ఒకటి ఎప్పుడూ సంచిలో ఉండాలి.

ఖిబ్లా విషయం మా మనవరాలిని ఆశ్చర్యపరిచింది. బోనకల్లులో పుట్టి పెరిగిన పిల్లకు ఖిబ్లా అంటే పడమర. అక్కడ ఆగ్నేయానికి తిరగాలి. గ్లోబు మీద దారం పెట్టి రెండు ఊళ్ళ నుంచీ మక్కాకు కొలిచి చూసుకొన్నాక గాని ఆమె నమ్మలేదు.

ఆహారం గురించి భయపడనవసరం లేదు. 1964లో తుర్కియేతో, 1969లో మొరాకోతో ఒప్పందాలు చేసుకొని నెదర్లాండ్స్ కార్మికులను రప్పించుకొంది. వారి పిల్లలు, మనవలు నేటి ఆమ్‌స్టర్‌డామ్ పౌరులు. హలాల్ మాంసం దుకాణాలు, రొట్టెల అంగళ్ళు నడుపుతున్నారు. దక్షిణ అమెరికాలోని సురినామ్ నుంచి వచ్చినవారి హోటళ్ళలో రోటీ, కూర దొరుకుతాయి. 1873 నుంచి 1916 వరకు ఉత్తర భారతం నుంచి ఒప్పంద కూలీలుగా ఓడలెక్కినవారి సంతతి అది. వారిలో ముస్లిములూ ఉన్నారు. జాగ్రత్త పడవలసింది బజారులో వేయించి అమ్మే బంగాళాదుంపల దగ్గర. కొందరు వాటిని ఎద్దు కొవ్వులో వేయిస్తారు. నూనె ఏదని అడగాలి. అంతకన్నా ముఖ్యం: ‘కాఫీషాప్’ అన్న బోర్డు చూసి పిల్లలతో లోపలికి పోకండి. ఆ ఊళ్ళో ఆ మాటకు అర్థం గంజాయి అమ్మే అంగడి. కాఫీ కావాలంటే కెఫే అన్న చోటికి వెళ్ళాలి. నగరం నడిబొడ్డున పాత చర్చి చుట్టూ వ్యభిచార వీధులు ఉన్నాయి. పగలైనా సరే కుటుంబంతో నడిచే దారిని ముందే పటంలో గీసుకోవడం మేలు. హిజాబుకు వీధిలో, బండిలో ఏ అభ్యంతరం లేదు. ముఖం కప్పే నిఖాబును మాత్రం 2019 ఆగస్టు నుంచి రైళ్ళు, బస్సులు, ఆసుపత్రులు, బడులు, ప్రభుత్వ కార్యాలయాలలో నిషేధించారు. వీధిలో నిషేధం లేదు.

ఇంతకీ చూడబోయేది కాలువలను. మాకు కాలువ కొత్త కాదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నుంచి వచ్చే బోనకల్ బ్రాంచి కాలువ నీళ్ళే మా పొలాల ప్రాణం. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగరుకు పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. మా కాలువ వంద మైళ్ళ అవతలి నీటిని ఎండిన నేలకు తెస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ కాలువ పని దానికి తలక్రిందులు. నేల నిండా ఉన్న నీటిని ఒకచోటికి లాగి, ఊరు మునగకుండా కాస్తుంది. ఆమ్‌స్టెల్ నదికి కట్టిన ఆనకట్ట పేరే ఊరి పేరయింది. ఆ బురదనేలలో పునాది నిలవదు కనుక చెట్ల మొద్దులను నిలువునా దిగగొట్టి వాటిమీద ఇళ్ళు కట్టారు. 1655లో నగరసభా భవనంగా తెరిచిన నేటి రాజప్రాసాదం క్రింద 13,659 మొద్దులున్నాయట. ఈ లెక్క అక్కడి బడిపిల్లలకు కూడా నోటికి వస్తుందని అబ్బాయి చెప్పాడు.

1613లో ఊరి చుట్టూ అర్ధచంద్రాకారంలో పెద్ద కాలువలు తవ్వడం మొదలుపెట్టారు. దొరల కాలువ, చక్రవర్తి కాలువ, రాకుమారుని కాలువ అని వాటి పేర్లకు అర్థం. ఈ కాలువల వలయాన్ని యునెస్కో 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన హైదరాబాదు పునాది 1591. అంటే ఇరవై ఏళ్ళ తేడాలో రెండు నగరాలకు పటాలు గీశారు. ఒకటి చార్మినారు నుంచి నాలుగు దిక్కులకూ, రెండోది రేవు నుంచి నీటి వలయాలుగా. ఆ కాలువగట్టు ఇళ్ళను గమనించినవారు చెబుతారు: ప్రతి ఇంటి నెత్తిన ఒక దూలం, దానికి కొక్కెం. కొన్ని ఇళ్ళ ముందుగోడ కావాలనే వీధి వైపు కొంచెం వాలి ఉంటుంది. పడవలో వచ్చిన సరుకును తాళ్ళతో అటకకు లాగేటప్పుడు గోడకు తగలకుండా ఆ ఏర్పాటు. ఏ సరుకు? మిరియాలు, జాజికాయ, పట్టు, ఇంకా కోరమాండల్ తీరపు నూలుబట్ట, అద్దకం గుడ్డలు, నీలిమందు. మా సీమ నుంచి బందరుకు బండిమీద పోయినది ఆ కొక్కేనికి వేలాడి ఏ అటక చేరిందో! డచ్చి స్త్రీలు ఆ పూల అద్దకాన్ని రవికెలుగా, పైటలుగా కుట్టించుకొన్నారు. ఆ దేశపు ఉత్తర భాగంలోని లేవార్డెన్ పట్టణపు మ్యూజియంలో అలాంటి బట్టలు కోకొల్లలుగా భద్రపరిచారు. పెడన, బందరు కలంకారీ పనివారు ఒకసారి చూడవలసిన చోటు అది.

అందుకే మా ప్రయాణ పట్టికలో పడవ షికారు ఒక గంటే. మిగతా పొద్దు మూడు చోట్లకు కేటాయించాను.

మొదటిది రైక్స్ మ్యూజియం. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. అక్కడ విట్సెన్ ఆల్బమ్ అనే చిత్రసంపుటి ఉంది. 1686 నాటికి గోల్కొండలో చిత్రించిన 49 మంది పాలకుల ప్రతిరూపాలు అందులో ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ నగరాధ్యక్షుడు నికొలాస్ విట్సెన్ దానిని సేకరించాడు. అంటే గోల్కొండ పతనానికి ఏడాది ముందో, అంతకన్నా కొంచెం ముందో రంగు వేసిన కాగితాలు. మన కుతుబ్‌షాహీ దర్బారు ముఖాలు ఆ కాలువల ఊళ్ళో క్షేమంగా ఉన్నాయి. చిత్రాల విషయంలో మన ఉలమాల అభిప్రాయాలు తెలిసినవే. చరిత్ర సాక్ష్యంగా చూడటానికే నేను పోతున్నాను. కాగితం మీది పనులు వెలుతురుకు పాడవుతాయని ఎప్పుడూ ప్రదర్శనలో ఉంచరు. కాబట్టి ముందుగా రాసి అడగాలి. అదే ఊళ్ళో నివసించిన చిత్రకారుడు రెంబ్రాంట్ ఎన్నడూ దేశం దాటకపోయినా, ఓడలలో చేరిన మొగలు సూక్ష్మచిత్రాలను చూసి షాజహానును గీసుకొన్నాడు.

రెండవది ఈస్టిండియా కంపెనీ భవనం. ఇప్పుడది ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. కంపెనీని నడిపిన పదిహేడుగురు దొరల సభ కూర్చొన్న గది అక్కడిది. ఆ గదిలో రాసిన ఉత్తరం ఎన్నో నెలలు సముద్రం మీద పోయి బతావియా చేరేది. అక్కడినుంచి పులికాట్‌కు, పులికాట్ నుంచి బందరుకు, బందరు నుంచి నాగులవంచకు. ఏ నేత ఎన్ని మూరలుండాలో, ఏ ధర మించి ఇవ్వకూడదో ఇక్కడి సాలెవాడు ఎన్నడూ చూడని మనుషులు అక్కడ నిర్ణయించేవారు.

ఆ కంపెనీ కొన్నది బట్ట మాత్రమే కాదు, మనుషులను కూడా. కోరమాండల్ తీరంలో కరువు వచ్చినప్పుడల్లా తిండి లేక తమను, తమ బిడ్డలను అమ్ముకొన్నవారిని ఓడలకెక్కించి సింహళానికీ, బతావియాకూ తరలించారు. 1659 నుంచి 1661 దాకా కరువు రోజులలో ఇది మరీ ముమ్మరంగా సాగింది. అమ్మిన చేతులు, పట్టి ఇచ్చిన చేతులు ఇక్కడివే అని కూడా ఒప్పుకోవాలి. సుల్తానుల రాజ్యంలో, ముస్లిం అధికారుల కళ్ళముందు జరిగిన వ్యాపారం అది. బానిస విముక్తిని పుణ్యకార్యంగా, పాప పరిహారంగా నిర్దేశించిన ధర్మాన్ని నమ్మిన మనం ఈ పుటను తొందరగా తిప్పేయకూడదు. 2021 జూలై 1న ఆమ్‌స్టర్‌డామ్ మేయరు ఫెంకె హాల్సెమా నగరం తరఫున బానిస వ్యాపారానికి క్షమాపణ చెప్పారు. 2022 డిసెంబరులో ప్రధాని, 2023 జూలై 1న రాజు చెప్పారు. ఆ క్షమాపణలలో అట్లాంటిక్ ఓడల మాట ఎక్కువగా వినిపించింది. బంగాళాఖాతపు ఓడల మాట అంతగా వినిపించలేదు. వెళ్ళి ఆ గుమ్మంలో నిలబడితే ఏమవుతుందని మా ఇంటావిడ అడిగింది. ఏమీ కాదు. కనీసం పిల్లకు ఎవరి ఇల్లో తెలుస్తుంది.

అన్నే ఫ్రాంక్ ఇల్లు కూడా రాకుమారుని కాలువ గట్టునే ఉంది. 1942 నుంచి 1944 వరకు ఎనిమిదిమంది యూదులు అక్కడ దాగి బతికారు. టిక్కెట్లు ఇంటర్‌నెట్‌లో మాత్రమే ఇస్తారు, ప్రతి మంగళవారం ఆరు వారాల తరువాతి తేదీలకు. మా పిల్ల వయసుకు దగ్గర వయసు పిల్ల కథ కనుక తనను తీసుకొని పోతాను. ఈ రోజులలో ఆ ఇంటికి ఎందుకని ఒక మిత్రుడు అన్నాడు. దాక్కున్న పిల్ల ఏ జాతిదో అడిగి జాలిపడే అలవాటు మనకు లేదని చెప్పాను.

మూడవది రోజన్‌గ్రాఖ్ట్ వీధిలోని ఫాతిహ్ మసీదు. గ్రాఖ్ట్ అంటే కాలువ. 1889లో ఆ కాలువను పూడ్చి వీధిగా మార్చారు. మసీదు ఒకప్పుడు కాథలిక్కు చర్చి. 1981లో తుర్కీ ముస్లిములు దానిని కొని మసీదుగా చేసుకొన్నారు. రెంబ్రాంట్ చివరి కాపురం కూడా ఆ వీధిలోనే. 1669లో అక్కడే మరణించాడు, అంటే నాగులవంచలో కోఠీ తెరిచిన ఏడే. జుమా అక్కడ చేయాలని అబ్బాయికి ముందే చెప్పాను.

ఇంకొక్క మనిషి సంగతి చెప్పకుండా ఉండలేను. డానియేల్ హవార్ట్ అనే కంపెనీ ఉద్యోగి 1670లు, 80లలో గోల్కొండ రాజ్యంలో పనిచేశాడు. దర్బారు భాష పారసీకం కనుక ఆ భాష నేర్చాడు. తిరిగి వెళ్ళాక కోరమాండల్ ఉత్థాన పతనాలను 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పెద్ద గ్రంథంగా అచ్చువేశాడు. నాగులవంచ ముచ్చట అందులో ఉంది. దానికి అయిదేళ్ళ ముందు, 1688లో, ఆయన మరో పుస్తకం తెచ్చాడు. షేఖ్ సాదీ బూస్తాన్‌కు డచ్చి అనువాదం! మా తాతల తరం మదరసాలో చదువుకొన్న బూస్తాన్ అది. సరుకు లెక్కలు రాయడానికి వచ్చిన గుమాస్తా సాదీని మూటగట్టుకొని పోయాడు. పదిహేడుగురు దొరల ఖాతాలో ఆ మూటకు సుంకం పడి ఉండదు.

ప్రయాణ పట్టిక మా మనవరాలి చేతిరాతలో తయారైంది. ఎనిమిది రోజులకు తొమ్మిది వరుసలున్నాయి. ఇదేమిటి బేటీ అంటే, “నానా, మొదటిది విమానం ఎక్కకముందు చూసేది” అంది. మొదటి వరుసలో ‘నాగులవంచ’ అని రాసి, ప్రక్కన బోనకల్లు నుంచి బండి వేళ వేసింది. అక్కడ ఏముందో మీకు తెలుసా అని మా ఇంటావిడ నన్నే అడిగింది. ఊళ్ళో పెద్దవాళ్ళను అడగాలని చెప్పాను. ఆదివారం ఫజ్ర్ తరువాత వెళ్తున్నాం. ఖాళీ సీసా, గొడుగు, కొత్త నోటు పుస్తకం ఆ పిల్ల ఇప్పటికే సంచిలో సర్దిపెట్టింది.